తాడు దగ్గర ఆగిన తలపాగాలు

వెనకటికి పెనుగట్టు అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. చుట్టూ గుట్టలు, మధ్యలో కోట, కోటకు వచ్చే దారిలో ఒక ఇరుకు కనుమ. నలభై ఏళ్ళ కిందట శత్రువులు ఆ కనుమ మీదికి వచ్చిపడ్డారు. ఊళ్ళ జనమంతా పిల్లాజెల్లాతో కోటలోకి చేరేదాకా నలభై ఆరుగురు అక్కడ అడ్డం నిలబడ్డారు. మూడు రోజులు నిలబడ్డారు. నాలుగో రోజుకు వాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు.

కనుమ పక్కనే వాళ్ళ పేర నలభై ఆరు వీరగల్లులు వెలిశాయి. ఏటా ఆ రోజున ఆ రాళ్ళకు తలపాగాలు చుడతారు. తలపాగాకో కొలత ఉంది. వీరుడు ఎన్నేళ్ళు బతికాడో అన్ని మూరల గుడ్డ. ఇంటివాళ్ళే దాన్ని చేటలో పెట్టుకుని తేవాలి, ఆ ఇంటి చేతులే చుట్టాలి, చుట్టినవాళ్ళే పేరు పెట్టి పిలవాలి. చేటలో గుడ్డ వస్తున్నదంటే వీరుడే నడిచి వస్తున్నట్టు. చుట్టే చెయ్యి లేకపోతే ఆ ఏడాది ఆ పేరు కనుమలో వినపడదు.

ఇంతవరకూ బాగానే ఉంది. బాగాలేనిదల్లా రాజుగారి ప్రసంగం.

రాజు పేరు భుజబలరాయుడు. ఏటా వీరగల్లుల ముందు నిలబడి మీసం సవరించుకుని మొదలుపెట్టేవాడు. మొదటి నాలుగు మాటలు వీరుల గురించి. ఆ తర్వాత రెండు గడియలపాటు ఇప్పటి కుర్రకారు గురించి. వీళ్ళకు అద్దాలు కావాలట, కిర్రు చెప్పులు కావాలట, పొద్దెక్కేదాకా నిద్ర కావాలట. "మా తరం ఇలాగుండేదా? ఆ వీరులెక్కడ, ఈ పనికిమాలిన మంద ఎక్కడ?" అనేవాడు. చనిపోయినవాళ్ళను పొగడాలంటే బతికున్నవాళ్ళను తిట్టాలని ఏ శాస్త్రంలో చదివాడో ఆయనకే తెలియాలి.

పోయినేడు ఆ మండుటెండలో, ప్రసంగం నడుమ, ఒక కుమ్మరి కుర్రాడు ఆవలించాడు. నిజానికి ముసలివాళ్ళూ ఆవలించారు. కాకపోతే చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

రాజు ఆ ఆవలింతను ఏడాది పొడుగునా మనసులో పెట్టుకున్నాడు. ఈసారి పండగ పదిరోజులుందనగా దండోరా వేయించాడు. ముప్పై ఏళ్ళు నిండనివాళ్ళు ఆ రోజు వీరగల్లుల దగ్గరికి రాకూడదు. చుట్టూ తాడు కట్టిస్తారు. దాటితే కొరడా.

ఆ సాయంత్రం పోలమ్మ అనే ముసలవ్వ కోటకు వచ్చి, రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే నాగసానిని వెతుక్కుంది. నాగసాని నలభై దాటిన మనిషి. ఆమె నోటికి రాజుతో సహా అందరూ జంకేవాళ్ళు, ఆమె తాంబూలానికి రాజుతో సహా అందరూ ఆశపడేవాళ్ళు.

"నా పెద్దకొడుకు మైలన పడింది ఆ కనుమలోనే కదా తల్లీ," అంది పోలమ్మ. "ఇన్నేళ్ళూ నేనే చుట్టాను. ఇప్పుడు నా చేతులు భుజం దాటి లేవడంలేదు. చిన్నకొడుకూ కోడలూ జ్వరానికి పోయారు. మిగిలింది మనవరాలు సూరమ్మ. దానికి పద్దెనిమిది. దాన్ని రావద్దంటే వాడికి చుట్టేదెవరు? మళ్ళీ ఏడు దాకా నేనుంటానో లేదో. వాడి పేరు పిలవగా విని పోదామనుకున్నాను."

"రాజుగారితో చెప్పలేకపోయావా?"

"చెప్పబోయాను. నా మాట మొదలుకాకముందే వాళ్ళ తరం గొప్పతనం అందుకున్నారు. వింటూ నిలబడితే కాళ్ళు లాగాయి, వచ్చేశాను."

నాగసాని ఆమెను అరుగు మీద కూర్చోబెట్టింది. "అవ్వా, మీ మైలనను పండగనాడు కాసేపు ఎండలో నిలబెడతాను. ఏమీ అనుకోవుగా?"

"వాడికి ఎండ కొత్తా? మూడు రోజులు నిలబడ్డాడు."

మర్నాడు భోజనం అయ్యాక నాగసాని రాజుగారి చేతికి తాంబూలం అందించి, "ప్రభువుల శాసనం అమోఘం. కానీ ఎవరో పెద్దింటివాళ్ళు మినహాయింపు అడుగుతారేమోనని నా భయం," అంది.

"ఎవరికీ లేదు," అన్నాడు రాజు బుగ్గన తాంబూలం పెట్టుకుని.

"ఏదో ఘనకార్యం చేసినవాళ్ళమంటేనో?"

"ఎంత ఘనకార్యం చేసినవాడైనా సరే. ముప్పై నిండకపోతే తాడు దాటడానికి వీల్లేదు."

"అదే ముక్క రాయించి ముద్ర వేయించండి. తాడు దగ్గర నన్ను నిలబెట్టండి. భటులైతే మొహమాటపడతారు."

రాజు సంబరపడిపోయాడు. తన మాట అర్థం చేసుకునే మనిషి కోటలో ఒక్కరైనా ఉన్నందుకు ఆ పూట రెండు తాంబూలాలు ఎక్కువ నమిలాడు.

పండగనాడు నాగసాని పొద్దున్నే ముద్ర వేసిన తాటాకు పట్టుకుని తాడు దగ్గర కూర్చుంది. కుర్రకారంతా దూరాన గుట్ట మీద నిలబడ్డారు. పెద్దవాళ్ళు చేటలతో ఒక్కొక్కరే వచ్చారు. నాగసాని ప్రతి చేటలోని గుడ్డా తీసి మోచేత్తో కొలిచింది.

"ఇరవై రెండు మూరలు. ఈ చేట ఇక్కడే దించండి. పదిహేడు మూరలు, ఇక్కడే. ముప్పై నాలుగు. మీరు లోపలికి వెళ్ళండి."

కొందరు గొణిగారు. ఒకాయన చేట దించనన్నాడు. నాగసాని చెవిలో ఏదో చెప్పాక నవ్వు ఆపుకుంటూ దించాడు.

రాజు భేరీలతో, గొడుగులతో దిగేసరికి తాడు లోపల మూడే మూడు రాళ్ళకు తలపాగాలున్నాయి. మిగతావన్నీ బోడిగా ఉన్నాయి. తాడు బయట, ఎర్రటి ఎండలో, నలభై మూడు చేటలు వరసగా నేల మీద ఉన్నాయి.

రాజుకు కోపం ముంచుకొచ్చింది. "వీరుల తలపాగాలు నేల మీద పెట్టిందెవరు?"

"నేనే ప్రభూ. వీళ్ళెవరికీ ముప్పై నిండలేదు."

"వీళ్ళు... వీళ్ళు వీరులు కదే!"

"ఎంత ఘనకార్యం చేసినవాడైనా వీల్లేదన్నారు. ముద్ర తమరిదే, చూసుకోండి. నేనొక్కొక్కరినీ కొలిచాను. పందొమ్మిది, పదిహేడు, ఇరవై ఒకటి. అందరూ కుర్ర మందే."

రాజు చేటల వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆయన, రాళ్ళకు చుట్టేసి ఉన్న తలపాగాలే చూశాడు గానీ ఒక్కదాన్నీ విప్పి కొలిచినవాడు కాదు. ఆయన మనసులో వాళ్ళంతా తెల్లమీసాల పెద్దమనుషులు.

"వీళ్ళ సంగతి వేరు," అన్నాడు కాస్త తగ్గి. "వీళ్ళు పుట్టుకతోనే వేరు. ఇప్పటివాళ్ళలాగా పొద్దెక్కేదాకా పడుకునే రకం కాదు."

పందొమ్మిది మూరల చేట పక్కన కూర్చున్న పోలమ్మ తలెత్తింది.

"ఎవరు చెప్పారు దొరా? మా మైలన మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. లేస్తే తలకు నూనె, చెవిలో పువ్వు, కోడిపుంజు చంకలో. శత్రువులు వచ్చిన పొద్దున కూడా వాళ్ళ నాన్న, నువ్వు ఎందుకూ పనికిరావురా, మా రోజుల్లో ఇలా ఉండేవాళ్ళమా అని తిట్టాడు. వాడు మాట్లాడకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. పుంజును వెతుక్కోవడానికి పోయాడనుకున్నాం. కనుమకు పోయాడు."

పోలమ్మ చేటలోని గుడ్డ మడత సవరించింది.

"ఆ తర్వాత మా ఆయన పదేళ్ళు బతికాడు దొరా. ఒక్కసారి కూడా ఈ రాయి దగ్గరికి రాలేకపోయాడు. తాను ఆఖరున అన్న మాట ఆయన్ను రానివ్వలేదు. ఇప్పుడు తమరు ఆ మాటే ఏటా ఈ రాళ్ళ ముందు నిలబడి అంటున్నారు. వినలేక చస్తున్నాను."

రాజు మీసం మీదికి పోయిన చేతిని దించేశాడు.

నాగసాని కొలిచే చెయ్యి చాచింది. "ఇంకొక్క కొలత మిగిలింది ప్రభూ. తమరు ఎప్పుడూ మా తరం, మా తరం అంటుంటారు. ఆ ఏడు తమరికి పదకొండు మూరలు. అమ్మగారి ఒడిలో, కోటలో, ధాన్యపు పాతరలో ఉన్నారు."

సేనాపతి దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఆ సంగతి రాజ్యమంతటికీ తెలుసు. రాజుగారికి గుర్తుందని మాత్రం ఎవరూ అనుకోలేదు.

"అందులో తప్పేముంది?" అంది నాగసాని. "తమరు పాతరలో క్షేమంగా ఉండాలనే వీళ్ళు ఇక్కడ నిలబడ్డారు. నలభై ఏళ్ళ తర్వాత ఒక కుమ్మరి కుర్రాడు ఏ భయమూ లేకుండా నోరు బార్లా తెరిచి ఆవలించాలనీ నిలబడ్డారు. వీళ్ళు సంపాదించి పెట్టింది ఆ ఆవలింతే. దానికి కొరడా దెబ్బలంటే వీళ్ళకు కోపం రాదా?"

రాజు గుట్ట మీది కుర్రకారు వైపు, నేల మీది చేటల వైపు మార్చి మార్చి చూశాడు. తర్వాత ఆయన బొజ్జ కదిలింది. తర్వాత భుజాలు. చివరికి గొడుగు పట్టినవాడి మీద చెయ్యివేసి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"పాతరలో ఎలకలుండేవి నాగసానీ," అన్నాడు తెరిపిన పడి. "కత్తులకంటే వాటికే ఎక్కువ భయపడ్డాను. మా అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

తన చేత్తోనే తాడు విప్పేశాడు. గుట్ట మీది కుర్రకారును చెయ్యి ఊపి పిలిచాడు. మెడలోని ముత్యాల పేరు తీసి నాగసానికిచ్చి, "ఇంకేం కావాలో అడుగు," అన్నాడు.

"ఏటా ప్రసంగం ఎంతసేపు ఉండాలో నేను చెబుతాను ప్రభూ."

"ఎంతసేపు?"

"ఒక తాంబూలం నమిలేంత."

"రెండు," అన్నాడు రాజు బతిమాలుతున్నట్టు.

"ఒకటే. అదీ లేత ఆకు."

రాజు మళ్ళీ నవ్వి సరేనన్నాడు.

ఈలోగా సూరమ్మ గుట్ట దిగి పరుగున వచ్చి చేట అందుకుంది. ఆ పిల్లకిదే మొదటిసారి. పందొమ్మిది మూరలూ రాతి చుట్టూ తిప్పేసరికి చెమటలు పట్టాయి. చివరి మడత దోపి, "మైలన పెదనాన్నా," అని గట్టిగా పిలిచింది. ఆ పిలుపు కనుమ అవతలిదాకా పోయి వచ్చింది. తలపాగా మాత్రం ఒక పక్కకు జారి రాతి మీద చెక్కిన ఒక కన్నును కప్పేసింది.

సూరమ్మ సిగ్గుపడి సరిచెయ్యబోయింది. పోలమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ. వాడు అచ్చం అట్లాగే కట్టేవాడు."