గంగాళం కింద చెంబు

సుక్కమ్మ పేరు కంప్యూటర్లో లేదు. గొడవంతా అక్కడే మొదలైంది.

పాపం, వానలో మూడు గంటలు నడిచి, కొండమీది గూడెం నుంచి దిగి వచ్చిందావిడ. మూర్ఛ మందు నిన్నటితో అయిపోయింది. ఆశ్రమం వైద్యశాలలో కాంపౌండరు సూరన్న పేరు కొట్టి చూస్తే, 'అలాంటి మనిషి లేరు' అని వచ్చింది. పేరు దొరికితేగానీ వైద్యం చీటీ తెరుచుకోదు. మాత్రల మోతాదు ఆ చీటీలోనే ఉంది. డాక్టరుగారు పట్నం వెళ్లారు, ఫోను కలవడం లేదు. ఉజ్జాయింపుగా ఇచ్చే మందు కాదది.

"నా పేరు ఎటెల్లిపోనాది బాబూ?" అనడిగింది సుక్కమ్మ.

సూరన్న పక్కనే ఉన్న మేధానంద తెర మీదికి వంగి చూశాడు. కాషాయం కట్టకముందు విశాఖలో సర్వర్లు చూసుకున్న ఇంజనీరు అతను. ఆశ్రమం మనుషులందరి పేర్లూ వెతికిపెట్టే డైరెక్టరీ సర్వర్‌ని మొన్ననే కొత్తగా అమర్చాడు. పాతది మూలుగుతూ నడుస్తోందని, ఎవరూ అడక్కుండానే. ఆ సంగతి పదిమందికీ చెప్పుకున్నాడు కూడా. ఇప్పుడు తల కొట్టేసినట్టుంది.

గురువు అవ్యయస్వామి వసారాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. మేధానంద వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"నా అమరికలో తప్పేం లేదు స్వామీ. గూడేలవాళ్ల పేర్లు వేరే నిల్వలో ఉన్నాయి. తెరిచి చూశాను, సుక్కమ్మ పేరు భద్రంగా ఉంది. సర్వరే లేదంటోంది."

"అది ఎలా వెతుకుతుంది నాయనా?"

ఈయనకు చెబితే ఏం అర్థమవుతుందిలే అనుకుంటూనే చెప్పాడు. "ఏ పేర్లు ఏ నిల్వలో ఉన్నాయో ఒక ఫైల్లో వరసగా రాస్తాం. సర్వర్ పైనుంచి చదువుకుంటూ వస్తుంది. అడిగిన పేరు ఏ వరసకు చెందుతుందనిపిస్తే అక్కడే ఆగిపోయి, ఆ నిల్వలో మాత్రమే వెతుకుతుంది."

"పైన ఏం రాశావు?"

"ఆశ్రమం. అన్నిటికంటే పెద్దది కదా. గూడేలవాళ్లూ ఆశ్రమం మనుషులే, అందుకని వాళ్లను దాని కింద రాశాను."

స్వామి చేతులు దులుపుకుని లేచి, వంటింట్లోంచి గంగాళం, చెంబు, ఒక ఎత్తుపీట తెచ్చారు. చూరు నుంచి ధారగా నీళ్లు పడుతున్నచోట పీట వేసి, దానిమీద గంగాళం పెట్టారు. చెంబును పీట కింద పెట్టి, మళ్లీ వచ్చి చిక్కుడుకాయల దగ్గర కూర్చున్నారు.

"చెంబు నిండాక చెప్పు," అన్నారు.

మేధానందకు ఒళ్లు మండింది. అవతల ముసలావిడ తడి చీరతో వణుకుతూ కూర్చుంటే ఇక్కడ ఈ నీళ్ల ఆట ఏమిటి? అయినా గురువు మాట. నిలబడ్డాడు. ధారంతా గంగాళంలోకే పోతోంది. చెంబులో చుక్క లేదు.

"ఇలా పెడితే ఎప్పటికి నిండుతుంది స్వామీ? చెంబు పైన ఉండాలి."

"అయితే పెట్టు."

విసురుగా వంగి చెంబు తీసి, గంగాళంలో ధార కింద నిలిపాడు. చెంబు ఇట్టే నిండింది. పొర్లిన నీళ్లు గంగాళంలోకి దిగుతున్నాయి.

మేధానంద ఆ పొర్లే నీళ్లను చూశాడు. వెంటనే కంప్యూటరు గదికి పరుగెత్తాడు. అక్కడ మార్చింది రెండు వరసలే. గూడేలది పైకి, ఆశ్రమానిది కిందికి.

వైద్యశాలలో సూరన్న మళ్లీ పేరు కొట్టాడు. చీటీ తెరుచుకుంది. మోతాదు చదివి, మాత్రలు చేతిలో పెట్టాడు.

"దొరికిందా బాబూ? ఎక్కడుండిపోనాది?"

"నా వెనకే నిలబడిపోయిందమ్మా," అన్నాడు మేధానంద.

అన్నాల వేళయింది. ఆ ఆశ్రమంలో మొదటి విస్తరి గూడెంవాళ్లకే వేస్తారు, స్వామిది చివర. వచ్చిన నాటినుంచీ మేధానందకు అదొక చాదస్తంగానే తోచేది. ఇంజనీరుగారని అందరూ ముందుకు పిలిస్తే వెళ్లి ముందువైపే కూర్చునేవాడు.

ఆ రోజు సుక్కమ్మకు తనే విస్తరి వేసి, వడ్డించి, పంక్తి చివరిదాకా నడిచి వెళ్లాడు.

స్వామి కొద్దిగా జరిగి చోటిచ్చారు.