నేలనెత్తుకెళ్ళిన దొంగ

కోళ్ళకి కొమ్ములుండే కాలంలో, చెరువులు నడిచొచ్చి మనుషుల్ని పలకరించే రోజుల్లో, అంకినీడనే రైతుండేవాడు.

ఆయన పొలం నల్లటి నేల. మామూలు మన్ను కాదర్రా! తరతరాల తుంగా రెల్లూ నీళ్ళల్లో నాని, పేరుకుని నేలయ్యింది. అందులో గెడ గుచ్చితే పాతాళంలో ఎవరో "అబ్బా" అనేవోళ్ళంట!

"పంట పండాలంటే ఈ తడి వదలాల్సిందే" అని అంకినీడు కాలవ తవ్వి, నీళ్ళన్నీ దిగువకి తోలేశాడు. లోతుగా దున్నాడు. ఆ ఏడు చేలో ఏనుగు దూరితే తొండం కూడా కనపడలేదు. అంకినీడు మీసం మెలేశాడు.

మరుసటేడు ఓ పొద్దున గుంజల మీదున్న తన ఇంట్లోంచి కాలు కిందపెట్టాడు. కింద నేలేదీ? ధబీమని పడ్డాడు! ఆఖరి మెట్టు గాల్లో వేలాడతా ఉంది.

"నా మన్ను దోచేస్తున్నార్రో!" అని గట్టు మీద కాపలా కూచున్నాడు. ఏ దొంగా రాలేదు. నేల మాత్రం ఇంకా దిగింది.

ఒకనాడు చుట్ట నుసి దులిపాడు. అంతే, నేలే అంటుకుంది! మంట లేదు, పిడకలాగా లోలోపల రాజుకుంది. అంకినీడూ, పెళ్ళాం నాంచారీ బిందెలతో నీళ్ళు పోసిపోసి ఆర్పారు.

"దొంగెవరో తెలిసిందా మావా?" అంది నాంచారి. ఆమె పుట్టింటోళ్ళు చేపలు పట్టేవోళ్ళు.

"ఎవరే?"

"గాలి. నీళ్ళున్నన్నాళ్ళూ లోపలికి రాలేదు. నువ్వే ఆరబెట్టి, దున్ని తలుపు తీశావు. నీ నేల చివికి చివికి గాల్లో కలిసిపోతోంది."

"ఇట్టాగే దిగితే గుంజలూడి ఇల్లు కూలుద్దే!"

"మా అయ్య వలల్ని దేంట్లో ఉడకేస్తాడు?"

"తుమ్మచెక్క కషాయంలో."

"ఎందుకూ?"

"చివికిపోకుండా..." అంకినీడు తెరిచిన నోరు మూయలేదు.

"మూసుకో, ఈగలు పోతాయి" అంది.

బండ్లకొద్దీ తుమ్మచెక్క దంచి నేలలో కలిపారు. కాలవకి అడ్డుకట్టేసి తడి నిలిపారు. పంట కాస్త తగ్గింది. నేల దిగడమూ తగ్గింది.

"మరి పోయిన నేల ఎప్పుడొస్తుందే?" అన్నాడు అంకినీడు ఆశగా.

"వెయ్యేళ్ళకి. అందాకా అన్నం తిందువు రా."

అందుకే, నేలని పిండేవాడికి ఒక్క పంట, నేలకి పెట్టేవాడికి తరాల పంట.