కూచన గెలిచిన పందెం

ఒకానొక రాజ్యంలో, నిజం తప్ప ఇంకేది చెప్పినా రాజుగారు చెవి ఒగ్గి వినే రాజ్యమది, కూచన అని ఒక విదూషకుడు ఉండేవాడు. రణమల్ల భూపతిని పద్దెనిమిదేళ్లుగా నవ్విస్తూ బతుకుతున్నాడు. నవ్వించి శాలువాలు కప్పించుకున్నాడు, కంకణాలు తొడిగించుకున్నాడు. నవ్వించి ఒక్క మంచి పని మాత్రం చేయించలేకపోయాడు. ఆ దిగులు అతన్ని లోపల్లోపల తినేస్తోంది.

అప్పటికి మూడేళ్లుగా కరువు. చుట్టుపక్కల సీమలు ఎండిపోయి, జనం పిల్లాపాపలతో ఈ నగరానికి వచ్చిపడ్డారు. తూర్పు తీరం నుంచి పడవవాళ్లు, దక్షిణాది నుంచి నేతగాళ్లు, పడమటి నుంచి గొర్రెల కాపరులు. మాట వేరు, మొక్కే దేవుడు వేరు, చివరికి పచ్చడి నూరుకునే తీరు కూడా వేరే. కోట వెనక మైదానంలో అందరూ పక్కపక్కనే గుడిసెలు వేసుకున్నారు. మొదట్లో తలలు పగిలేలా కొట్టుకున్నారు, లేదనను. వాళ్లని కలిపింది బాయమ్మ గంజి కొట్టం.

ఈ బాయమ్మ పుట్టింది కాపరుల్లో. మనువాడింది పడవవాణ్ణి. మొగుడు పోయాక పెంచుకున్నది తల్లీతండ్రీ లేని ఒక నేతగాళ్ల పిల్లని. రాజుగారి గాదె నుంచి వచ్చే నూకలతో రోజూ పెద్ద గుండిగలో గంజి కాచి, ఎవరు ముందొస్తే వాళ్లకి పోసేది. పక్కపక్కన కూర్చుని తాగీ తాగీ జనం ఒకరి మాట ఒకరు నేర్చుకున్నారు.

ఇలా ఉండగా రాజుగారికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. పెద్దవాళ్లకి గొప్ప ఆలోచన వచ్చిందంటే బీదవాళ్ల కొంపకి ఎసరొచ్చిందన్నమాటే. ఇన్ని రకాల జనం తన నీడలో చల్లగా ఉన్నారని పరాయి రాజులకి చూపించాలట. అందుకు సర్వజన సమ్మేళన మండపం కట్టాలట. ఎక్కడయ్యా అంటే గంజి కొట్టం ఉన్న చోట. దేనితోనయ్యా అంటే గంజి నూకలకయ్యే సొమ్ముతో. వానలు పడటానికి ఇంకా రెండు నెలలుంది. గంజి ఆగితే ఆ మైదానంలో సగం మంది ఆషాఢం చూడరు. ఆ సంగతి కూచనకి తెలుసు. మంత్రి చెన్నప్రెగ్గడకీ తెలుసు, కానీ ఆయన తెలియనట్టే ఉన్నాడు.

శంకుస్థాపన నాడు మూడు రకాల జనమూ ఎవరి వేషంలో వాళ్లు రాజుగారి ముందు ఆడాలని ఆజ్ఞ అయింది. పాపం, పండగ బట్టలు ఎప్పుడో అమ్ముకుని తిన్నారు వాళ్లు. అందుకని మంత్రిగారే కుట్టించాడు. ఆయన ఊరి పొలిమేర దాటకుండానే దేశదేశాల జనం మీద ఒక గ్రంథం రాశాడు లెండి. దాని ప్రకారం పడవవాళ్లకి నెమలీకల కిరీటాలు, కాపరులకి గజ్జెలు కుట్టిన ఎర్ర గొంగళ్లు, నేతగాళ్లకి పచ్చ తలపాగాలు. పడవవాళ్లు తమ జన్మలో నెమలి ముఖం చూసి ఎరగరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు, గంజి తీసేసి గజ్జెలు ఇచ్చారు.

కూచన కొలువులో లేచి నిలబడి, ఇంతమందిలో ఎవరెవరో ప్రభువులకి తెలుస్తుందా అని వినయంగా అడిగాడు. రాజుగారు మీసం సవరించుకున్నాడు.

"వాళ్లు నా బిడ్డలు కూచనా. తండ్రి బిడ్డల్ని పోల్చుకోలేడా? ఒక్కర్ని తప్పు పోల్చినా నువ్వు కోరింది ఇస్తాను."

కూచన ఆ సాయంత్రమే మైదానానికి వెళ్లి బాయమ్మతో మాట్లాడాడు. బాయమ్మ అందరినీ పిలిచింది. పడవవాళ్లు గొంగళ్లు తీసుకున్నారు, నేతగాళ్లు నెమలీకలు, కాపరులు తలపాగాలు. ఒకరి వేషం చూసి ఒకరు పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ పొట్టల్లో ఏమీ లేదు, అయినా నవ్వారు.

మర్నాడే శంకుస్థాపన. రాజుగారు పరాయి దూతల మధ్య కొలువుదీరాడు. నెమలీకలు పెట్టుకుని నేతగాళ్లు రాగానే, చూశారా ఆ నడక, అల మీద ఊగినట్టే ఉంది, పడవవాళ్లంటే వీళ్లే అన్నాడు. తలపాగా చుట్టిన కాపరుల వేళ్లలో దారం ఆడుతున్నట్టే ఉందన్నాడు. గొంగళ్లవాళ్లు రాగానే ఒక దూత, గొర్రెల్ని ఎలా పిలుస్తారో వినాలని ఉందన్నాడు. ఆ గొంగడి కింద ఉన్నది పోలయ్య, ముప్పై ఏళ్లు తెడ్డు వేసిన మనిషి. అతనికి గొర్రె పిలుపు ఏం తెలుసు? గొంతెత్తి "హైలెస్సా" అన్నాడు.

మంత్రి గొంతు సవరించుకుని, పడమటి సీమలో గొర్రెల్ని అలాగే పిలుస్తారనీ, తన గ్రంథంలో ఉందనీ చెప్పాడు. నాకూ తెలుసన్నాడు రాజుగారు.

అప్పుడు కూచన ముందుకొచ్చి ఎవరు ఎవరో విప్పి చెప్పాడు.

"తమరు పోల్చింది బిడ్డల్ని కాదు ప్రభూ, బట్టల్ని. వీళ్లని కలపడానికి మండపం అక్కర్లేదు. గంజి పోసి బతికిస్తే చాలు, వాళ్లే కలుస్తారు."

దూతలు పకపకా నవ్వారు. వాళ్లు నవ్వాక రాజుగారు నవ్వక ఏం చేస్తాడు? కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, చేతి కంకణం తీసి కూచనకి తొడిగాడు. కోరుకోమన్నాడు. కొట్టం కదపొద్దు, వానలు పడేదాకా గంజి ఆపొద్దు అని కోరాడు కూచన. సరే, ఇచ్చానన్నాడు రాజుగారు. పద్దెనిమిదేళ్లకి ఒక్క మంచి పని. కూచనకి ఒళ్లు పులకరించింది.

ఇంతలో మంత్రి రాజుగారి చెవిలో ఏదో ఊదాడు. రాజుగారు తల పంకించి మళ్లీ నోరు విప్పాడు.

"నా చూపులో లోపం లేదు. వాళ్లే ఎవరి బట్ట వాళ్లు కట్టలేదు. రేపటి నుంచి ఎవరి వేషంలో వాళ్లు, ఎవరి బారులో వాళ్లు నిలబడాలి. మూడు గుండిగలు, మధ్యలో దడులు. వేషం లేనివాళ్లకి గంజి లేదు. ఎవరి గౌరవం వాళ్లకి దక్కాలి. ఇదంతా నీ చలవే కూచనా."

దూతలు చప్పట్లు కొట్టారు. రాజుగారు ఇంకోసారి నవ్వాడు. కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది కదా అనుకున్నాడు కూచన.

కొలువు ముగిశాక కొట్టానికి వెళ్లేసరికి వడ్రంగులు అప్పుడే దడికి గుంజలు పాతుతున్నారు. బాయమ్మకి సంగతి తెలిసింది. ఆమె మాటలో కోపం లేదు. ఉంటే కూచన తట్టుకునేవాడేమో.

"గెలిచారటగా బాబూ. నూకలు ఆగవు, అంతే చాలు. పిల్లది నేతగాళ్ల బారులో నిలబడుతుంది. మరి నేను కాపరుల బారులో నిలబడాలా, పడవవాళ్ల బారులోనా? ఆ ఒక్కటీ రాజుగారిని అడిగి చెబుదురూ."

కొలువులో ఎవరేమన్నా చురుక్కున బదులిచ్చే మనిషి, చేతి కంకణాన్ని పైపంచె కింద దాచుకున్నాడు. బాయమ్మ అది చూసి, ముంత కడిగి గంజి పోసింది.

"ఇవాళ్టికింకా గుండిగ ఒక్కటే. ఇంత తాగి వెళ్లండి."

కూచన వచ్చినవాళ్ల వరసలో చివర కూర్చుని తాగాడు.