నడక నేర్చిన జెండా ఓబన్న

బోడిగుట్టపల్లెలో జెండా ఓబన్న ఇంట్లో ఉండేది ముగ్గురు. ఓబన్న, అతని పెళ్ళాం తిప్పక్క, తమ్ముడు మారెన్న. ముగ్గురి తెలివీ కలిపినా ఒక మేకకు చాలదు గానీ, ఆ తెలివి గురించిన గర్వం మాత్రం ఊరంతటికీ పంచినా ఇంకా మిగిలేది. చెప్పింది చెప్పినట్టు చేసేది లోకంలో మనమొక్కరమే, మిగతావాళ్ళంతా సొంత బుర్ర వాడి పనులు చెడగొట్టుకుంటారని ఓబన్న రోజూ అన్నం ముందు కూర్చుని చెప్పేవాడు. మిగతా ఇద్దరూ తలలూపేవాళ్ళు.

జాతరలో గుర్రమెక్కి అమ్మవారి జెండా మోసే హక్కు ఓబన్నకు తాత నుంచి వచ్చింది. గుట్ట చుట్టూ మూడుసార్లు తిరిగేదాకా జెండా నిటారుగా ఉండాలి, పక్కకు ఒరగకూడదు. అది కట్టుబాటు. ఆ ఏడు పాత గుర్రం చచ్చిపోతే, ఓబన్న సంతకు పోయి ఒక ఎర్రగుర్రాన్ని కొనుక్కొచ్చాడు. నడిపించి చూడమని ఎవరూ చెప్పలేదు, కాబట్టి చూడలేదు. తీరా ఎక్కితే ఇంకేముంది, అది కుడిపక్క కాళ్ళు రెండూ కలిపి ఒకసారి, ఎడమపక్కవి రెండూ కలిపి ఒకసారి వేస్తోంది. జీను మీద ఓబన్న ఉయ్యాల్లో పసిబిడ్డలాగా అటూ ఇటూ ఊగాడు. చేతిలో జెండా వీధికి రెండుపక్కలా ఇళ్ళ చూరులు తుడిచింది.

ఊరిపెద్ద వెంకటరెడ్డి అది చూశాడు. జాతరకు ఇంకా నెలరోజులుందని, ఆలోగా గుర్రం నడక మారకపోతే జెండా పొరుగున ఉన్న ఎర్రమిట్టవాళ్ళకు పోతుందని చెప్పేశాడు. ఓబన్నకు ఆ పూట ముద్ద దిగలేదు. జెండా పోయాక తనను జెండా ఓబన్న అని ఎవరు పిలుస్తారని కూర్చుని ఏడ్చాడు. పాపం, ఆ ఏడుపు మాత్రం నిజమైనదే.

మర్నాడు పొద్దున్నే అన్నదమ్ములు పట్నం పోయి, గుర్రాలకు నడక నేర్పే దస్తగిరి సాహెబు కాళ్ళమీద పడ్డారు. ఆయన ఓపిగ్గానే చెప్పాడు.

"చూడప్పా, కుడి ముందుకాలూ ఎడమ వెనకకాలూ జతగా పడాల. ఇంటి వాసాలంత కర్రలు నేలమీద వరసగా పరిచి వాటిమీద నడిపించు. జీను మీద బరువు మోపొద్దు, తేలిగ్గా ఉండు. అన్నిటికంటే ముందు ఆ నడక నీ ఒంటికి పట్టాల. నీ ఒంటికి పట్టినాకే గుర్రానికి వస్తాది."

ఇంటి వాసాలంత కర్రలు ఎక్కడుంటాయి? ఇంటి మీదే ఉంటాయి. అంతే, ఇద్దరూ కప్పెక్కి వాసాలు ఊడబెరికారు. కప్పిన బోదగడ్డంతా వచ్చి తిప్పక్క కలుపుతున్న సంగటిలో పడింది. ఆమె కోప్పడలేదు సరికదా, ఇకమీదట వడియాలు ఇంట్లోనే ఎండబెట్టుకోవచ్చని సంతోషించింది.

వాసాలు గుర్రాన్ని కట్టే కొయ్యకూ నీళ్ళతొట్టికీ మధ్య పరిచారు. ఓబన్న ఎక్కి అదిలించాడు. గుర్రం మొదటి వాసానికే తడబడింది, ఓబన్న రెండో వాసం మీద పడ్డాడు. బరువు మోపినందుకే ఇలా అయిందని మారెన్న తేల్చాడు. ఓబన్న నడుముకు మోకు కట్టి, రెండో కొస వేపకొమ్మకు బిగించి, జీను మీద ఆనీ ఆనకుండా వేలాడదీశాడు. గుర్రాన్ని అదిలించాడు. ఇంకేముంది, గుర్రం దాని దారిన అది పోయింది, ఓబన్న కొమ్మకు సొరకాయలా మిగిలాడు. ఎంత తేలిగ్గా ఉందోనని మధ్యాహ్నం దాకా మురిశాడు. దించమని సాహెబు చెప్పలేదు కాబట్టి మారెన్న దించలేదు. ఆఖరికి కొమ్మే విరిగింది.

వాసాలు తీయమని కూడా సాహెబు చెప్పలేదు. అవి అక్కడే ఉండిపోయాయి. మెడకు కట్టిన పలుపుతాడు తొట్టిదాకా అందేది కాబట్టి గుర్రం దప్పికైనప్పుడల్లా ఒక్కటే, మీద ఎవరూ లేకుండా, ఒక్కో కాలూ ఎత్తి వాటిని దాటి నీళ్ళు తాగి వచ్చేది. దానివైపు చూసే దిక్కు లేదు. ఎందుకంటే ఇంట్లో అంతకంటే పెద్ద పని నడుస్తోంది. నడక ఓబన్న ఒంటికి పట్టిస్తున్నారు.

ఓబన్న నాలుగు కాళ్ళ మీద వంగాడు. తిప్పక్క జీను కట్టింది. మారెన్న మీద కూర్చుని కళ్ళెం పట్టాడు. కుడిచెయ్యీ ఎడమమోకాలూ, ఎడమచెయ్యీ కుడిమోకాలూ. మోకాళ్ళు దోక్కుపోయి రక్తాలు కారినా మానలేదు. జాతరనాటికి నడక ఎంత బాగా పట్టిందంటే, పైన మారెన్న ఎత్తిన జెండా ఇంతైనా కదల్లేదు.

జాతరరోజు గుర్రాన్ని ఇంటిదగ్గరే కట్టేసి బయల్దేరారు. నడక వచ్చింది ఓబన్నకైతే గుర్రంతో పనేముంది? జీనేసుకున్న ఓబన్న మీద మారెన్న, మారెన్న చేతిలో జెండా. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. అవి మెప్పులనుకుని ఓబన్న ఇంకా హుషారుగా నడిచాడు. సగం చుట్టు అయిందో లేదో, పలుపు తెంపుకుని ఎర్రగుర్రం వెనకాలే వచ్చేసింది. ముందు కుడికాలుతో వెనక ఎడమకాలు, జత తప్పకుండా, వీపు ఒరగకుండా వస్తోంది.

వెంకటరెడ్డి నోరు తెరిచాడు. "ఒరే ఓబన్నా, నీ గుర్రం నేర్చుకునిందిరా. లేచి దానిమీదెక్కు."

"నేర్చుకునింది నేను సామీ," అన్నాడు ఓబన్న తలెత్తకుండానే. "అది నన్ను చూసి నడుస్తా ఉంది. మారెన్నా, దాన్ని తరుము."

మారెన్న చేతిలో కర్ర లేదు, జెండా ఉంది. దాన్నే అడ్డంగా తిప్పి గుర్రాన్ని అదిలించాడు. అంతే, జెండా పోయి దుమ్ములో పడింది. బెదిరిన గుర్రం అదే నడకతో పోయి జాతర చూడొచ్చిన ఎర్రమిట్టవాళ్ళ మధ్య నిలబడింది. వెంకటరెడ్డి జెండా తీసి దులిపి, వాళ్ళలో ఒకడి చేతిలో పెట్టాడు. వాడు అదే గుర్రమెక్కి మూడు చుట్లూ తిరిగాడు. జెండా ఒక్కసారీ ఒరగలేదు.

ఓబన్న భోరున ఏడ్చాడు. ఏడుస్తూనే ఇంటికి నడిచాడు, నాలుగు కాళ్ళ మీదే, మారెన్నను మోసుకుంటూ. జెండా పోతే పోయింది, నడక మాత్రం మన ఒంట్లోనే ఉంది, దాన్ని ఎవడు లాక్కుంటాడని తిప్పక్క ఓదార్చి, తొట్టి పక్కన ఉలవలు పెట్టింది. ఆ మాటతో ఓబన్నకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళు తుడుచుకుని, ఒక్కో వాసమూ జాగ్రత్తగా దాటుకుంటూ ఉలవల దగ్గరికి పోయాడు. తిన్నాక తమ్ముణ్ణి మళ్ళీ పట్నం పొమ్మన్నాడు, దౌడు ఎలా నేర్చుకోవాలో సాహెబును అడిగి రమ్మని.