దాలయ్య జావ

అనగనగనగా, మన ముత్తాతల ముత్తాతలు ఉగ్గుపాలు తాగే కాలంలో, కొండ దిగువన రాళ్లవలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో దాలయ్య అని నూతులు తవ్వేవాడొకడు. వాడి గునపం దిగితే బండరాయి కూడా నీరు కక్కేది. అంత మొనగాడికీ పొయ్యి అంటించడం రాదు. రావలసిన పనేముంది? ఇంట్లో పెళ్లాం పైడమ్మ ఉంది.

ఒక ముసురులో పైడమ్మకి జ్వరం తగిలింది. మంచం దిగలేదు.

"మావా, నోరు చేదుగుంది. గుక్కెడు చోళ్ల జావ పెట్టవా?" అంది. మా వైపు రాగుల్ని చోళ్లు అంటాం.

దాలయ్య గిన్నె పట్టుకుని పక్కింటి సూరమ్మత్త దగ్గరికి బయల్దేరాడు. ఎదురరుగు మీద ముగ్గురు మగాళ్లున్నారు. వాడితో నూతులు తవ్వేవాళ్లే. 'జావ అడుక్కుంటున్నాడ్రా' అని నవ్వుతారేమో అనుకున్నాడు. సిగ్గేసింది. వెనక్కొచ్చేశాడు.

"రేపు చూద్దాం లేవే" అన్నాడు.

రెండోరోజు పైడమ్మ మళ్లీ అడిగింది. దాలయ్య గిన్నెని కండువా కింద దాచుకుని వెళ్లాడు.

"చంకలో ఏటిరా అది?" అన్నారు అరుగు మీదవాళ్లు.

"ఏం లేదు" అన్నాడు. సిగ్గేసింది. వెనక్కొచ్చేశాడు.

మూడోరోజు పైడమ్మ అడగలేదు. అడిగే ఓపిక లేదు. దాలయ్య తానే పొయ్యి ముందు కూలబడ్డాడు. ఇల్లంతా పొగ చేశాడు. కాగీ కాగని నీళ్లలో పిండి గుమ్మరించి, గిన్నె తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు. పైడమ్మ ఒక్క గుక్క మింగింది.

"బాగుంది మావా" అంది.

పొద్దు వాలేలోపు పోయింది.

అందరూ వచ్చి వెళ్లాక దాలయ్య ఆ గిన్నె చూశాడు. మిగిలింది నాలిక మీద వేసుకున్నాడు. పచ్చిపిండి. ఉండలు. బూడిద. దాన్ని బాగుంది అంది. వాడు గిన్నె ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పక్కిల్లు నాలుగడుగులు. ఆ నాలుగడుగులు వెయ్యలేకపోయాడు.

దినాలయ్యాక దాలయ్య ఆ ముగ్గురి ముందునుంచే నడిచి సూరమ్మత్త వాకిట్లో నిలబడ్డాడు. తల ఎత్తలేదు.

"అత్తా, చచ్చేలోపు నేను మూడు నేర్చుకోవాలి. పొయ్యి అంటించడం, జావ కాయడం, మంచాన పడ్డవాళ్లకి పట్టించడం."

అరుగు మీద ఘొల్లుమన్నారు.

"ఇప్పుడెవరికిరా?" అంది ముసలామె.

"ఎవరికైనా."

పొయ్యి అంటించడానికి ఎన్నాళ్లో పట్టింది. కనుబొమలు కాలాయి. జావ అంతకంటే కష్టమైంది. "పిండి ముందు చన్నీళ్లలో కలపాలిరా. ఆనక మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి. చెయ్యి ఆగితే ఉండ కడుతుంది" అని ముసలామె గరిటెతో వాడి వేళ్ల మీద కొట్టేది. ఇక మూడోది. ఆమె తానే మంచమెక్కి పడుకుంది. "నేనే రోగిని. పట్టు. తల కింద చెయ్యి పెట్టు. నేను మింగేదాకా ఆగు, తొందరపడకు" అంది. జావ ఆమె మెడంతా కారింది. తిట్టింది. మళ్లీ పట్టమంది.

అప్పట్నించీ ఏ ఇంట జ్వరమొచ్చినా, ఏ ఇంట పురుడొచ్చినా, దాలయ్య కుండతో వెళ్లేవాడు. ఎవరైనా బాగుంది అంటే చాలు, మొహం కందిపోయేది. "నిజం చెప్పండి" అనేవాడు. ఊరు మెచ్చుకుంది. వాడి తల మాత్రం లేవలేదు.

ఏళ్లు గడిచాయి. సూరమ్మత్త పోయింది. ఒక కోతల కాలంలో దాలయ్యకీ జ్వరం తగిలింది. ఆడవాళ్లంతా చేలల్లో ఉన్నారు. అరుగు మీది ముగ్గురూ, ఇప్పుడు ముసలివాళ్లు, వాడి ఇంటికొచ్చారు. పొయ్యి ముందు నిలబడ్డారు. ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు. ముగ్గురికీ రాదు.

"ముందు చన్నీళ్లలో కలపండి" అన్నాడు మంచం మీంచి దాలయ్య.

కలిపారు. కాచారు. పట్టించారు. మింగాడు.

"ఎలాగుందిరా?"

"ఉండలు కట్టింది" అన్నాడు దాలయ్య.

ముగ్గురూ తలలు దించుకున్నారు. మర్నాడు దాలయ్య పోయాడు. పదకొండో రోజున ఆ ముగ్గురే తమ కొడుకుల్ని వరసగా పొయ్యి ముందు కూర్చోబెట్టారు.

రాళ్లవలస వైపు ఇప్పటికీ, పెళ్లయిన మూడోనాడు కొత్త పెళ్లికొడుకు పొయ్యి అంటించి జావ కాస్తాడు. దాన్ని దాలయ్య జావ అంటారు. చుట్టాలంతా చుట్టూ నిలబడి చూస్తారు. ఎవరూ నవ్వకూడదు. నవ్వినవాడు ఆ అడుగంటిన గిన్నె తోమాలి. పోయినేడు మా మేనల్లుడి పెళ్లిలో నాకు నవ్వాగలేదు. ఇంత వయసొచ్చి, అందరూ చూస్తుండగా, నూతి దగ్గర కూర్చుని నేనే తోమాను.