మంద దగ్గర పరీక్ష

పశువైద్య ఆచార్యులు శేషఫణి గారికి అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. విని, తలూపి, ఊరుకునేవారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న నీలోఫర్ ఒకనాడు అడిగింది: "సార్, చుక్క రక్తం వేస్తే మన పరీక్ష చిప్పు పన్నెండు నిమిషాల్లో ఆంత్రాక్స్‌ను పట్టేస్తోంది. ఇంక మనం నేర్చుకోవలసింది ఏముంది?"

ఆయన తలూపారు. ఆ వారమే కొండ కింది పల్లె ఒకదానిలో గొర్రెలు ఉన్నట్టుండి చచ్చిపోతున్నాయని కబురొస్తే, ఆమెను వెంటబెట్టుకుని వెళ్లారు.

మంద సుంకమ్మ అనే ముసలావిడది. ఆ ఉదయమే చచ్చిన గొర్రె ఒకటి కంచె పక్కన పడి ఉంది. నీలోఫర్ చేతులకు తొడుగులు వేసుకుని, దాని చెవి నుంచి చుక్క రక్తం తీసి, అరచేతిలో ఇమిడే పరికరంలోని చిప్పు మీద వేసింది. కాసేపటికి ఎర్ర దీపం వెలిగింది.

"ఆంత్రాక్సే. దొమ్మరోగం. మనుషులకూ అంటుకుంటుంది. చచ్చిన గొర్రెల్ని ఎవరైనా కోశారా?"

"ఎవురూ ముట్టలేదు," అంది సుంకమ్మ, చూపు తిప్పుకుని.

నీలోఫర్ ఆ మాటే రాసుకుని సంచి సర్దింది. శేషఫణి గారు మాత్రం ముసలావిడ పక్కన నేల మీద కూర్చున్నారు.

"ఇది ఎట్లాంటి గొర్రె అమ్మా?"

ఆమె కంచె పక్కన పడి ఉన్న గొర్రె వైపు చూసింది. "దీని పేరు బొల్లి సారూ. తల్లి సచ్చిపోతే సీసాతో పాలు పట్టి సాకితిని. పిలిస్తే మందలో యాడున్నా వచ్చేది," అని ఏడ్చింది. ఆయన వారించలేదు, లేవలేదు. ఎండ ముదిరింది. గడియారం చూసుకుంటూ నిలబడిన నీలోఫర్ చివరికి తనూ కూర్చుంది.

సుంకమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిజం సెప్తే మందంతా తోలుకపోతారా సారూ?"

"లేదమ్మా. మిగిలిన వాటికి టీకాలు వేస్తాం. దీన్ని మాత్రం లోతుగా పూడ్చాలి."

"మొన్న సచ్చినదాన్ని మా ఉరుకుందు కోసినాడు, నా కొడుకు. సేతి మీద నల్లగా పుండు లేసింది. నొప్పి లేదంటాడు గానీ, ఒళ్లు కాలిపోతాండాది. గుడిసెలో పండుకోనుండాడు."

అతన్ని ఆ క్షణమే జీపులో ఆసుపత్రికి చేర్చారు. ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే బతికేవాడని చెప్పలేకపోయేవాళ్లమన్నాడు డాక్టరు. మందు పనిచేసింది, మనిషి దక్కాడు.

తిరుగుదారిలో నీలోఫర్ ఉండబట్టలేకపోయింది. "ఎవరైనా కోశారా అని నేను ముందే అడిగాను కదా సార్. నాకెందుకు చెప్పలేదు?"

"ముందు గొర్రె పేరు చెప్పిందమ్మా," అన్నారు శేషఫణి గారు. "కొడుకు పేరు ఆ తర్వాతే చెప్పింది."