తాళం పడిన చిప్పు

ఉప్పాడ రోడ్డులో తాతబ్బాయి ఇంట్లో తెలివికి కరువు లేదని మొదట చెప్పింది తాతబ్బాయే. ఆ మాటకి తమ్ముడు పోశయ్య తలూపాడు, భార్య కాసులమ్మ తలూపింది. ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాక ఇక ఊరిని అడగడం దేనికి? అన్నదమ్ములు ఎలక్ట్రానిక్సు చదివారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, అచ్చుతప్పులతో సహా రాసి ఫస్టుక్లాసులో పాసయ్యారు.

అది చూసే కాకినాడ కంపెనీ హైమవతి మేడమ్ వాళ్ళకో పని అప్పజెప్పింది. చేపల వేటకెళ్ళేవాళ్ళు జేబులో పెట్టుకునే ఎఫ్ఎం రేడియోకి చిప్పు డిజైన్ చేయాలి.

"గాలిలో వచ్చే తరంగం మాటని బట్టి వేగంగానో నెమ్మదిగానో ఊగుతుంది. ఆ ఊపులోంచి మాటని మళ్ళీ బయటికి తీయాలి" అంది.

తాతబ్బాయికి మనసులో కలుక్కుమంది. కిందటేడు తుఫాను కబురు అందక బావమరిది సముద్రంలో చావు తప్పి బయటపడ్డాడు. ఈ చిప్పు ఎలాగైనా పలకాలి.

ముందు చిప్పుకి నమూనాగా ఓ బోర్డు తయారైంది. గుర్రుమనడమే తప్ప మాట లేదు. మేడమ్‌కి ఫోన్ చేశాడు.

"వచ్చే తరంగంతో మీ సర్క్యూట్‌కి లాక్ పడాలి. పడ్డాక వదలకూడదు" అంది.

ఇంకేముంది, పోశయ్య పెద్ద ఇత్తడి తాళం తెచ్చాడు. బోర్డుని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశారు. వదలకూడదు కదా, తాళంచెవి సముద్రంలో పారేశారు.

"లాక్ పడిందండి."

"మంచిది. నాయిస్ ఎలా ఉంది?"

"మా కోడిపుంజొకటి, పక్కింటి పిండిమర ఒకటి ఉన్నాయండి."

మేడమ్ ఏదో పనిలో ఉండి సరిగ్గా వినలేదు. "ముందు అది తగ్గించండి" అంది.

అంతే. పుంజు కూరైంది. పోశయ్య వెళ్ళి పిండిమర బెల్టు కోసేశాడు. మరాయన కేకలేసుకుంటూ వస్తే, ఇదింకా పెద్ద నాయిస్ అని నోట్లో తువ్వాలు కుక్కారు. ఆయన ఒళ్ళు మండి ఇనప్పెట్టె ఎత్తి నేలకేసి కొట్టాడు. తాళం ఊడి బోర్డు బయటపడింది.

సంగతంతా విన్న మేడమ్ నీరసంగా అడిగింది. "అసలు బోర్డుని గ్రౌండ్ చేశారా?"

వెంటనే పెరట్లో గొయ్యి తీసి పాతేశారు. కాసులమ్మ పొద్దునా సాయంత్రం నీళ్ళు పోసింది. ఫోన్లు ఆగిపోయేసరికి మేడమ్ స్వయంగా వచ్చింది.

"బోర్డేదమ్మా?"

"ఇంకా మొలకెత్తలేదండి" అంది కాసులమ్మ.

మేడమ్ ఇక బోర్డు మాటెత్తక, డిజైన్ కాగితాలు తెమ్మంది. ఆనక కాగితం మీద వాళ్ళు గీసిన బొమ్మ చూస్తే ఒక్క తీగ తిరగబడింది, మిగతాదంతా సరిగ్గానే ఉంది. అది దిద్ది ఫ్యాక్టరీకి పంపింది.

చిప్పు వచ్చాక మొదటి రేడియో వాళ్ళకే పంపించి, "పలికితే తరవాతి పని కూడా మీకే. రేపు నేనే వస్తాను" అని కబురుపెట్టింది.

మర్నాడు పొద్దున్నే తాతబ్బాయి రేడియో మీట నొక్కాడు. "గాలులు ఎక్కువగా ఉన్నాయి, మత్స్యకారులు వేటకి వెళ్ళవద్దు" అని గంట కొట్టినట్టు పలికింది. బావమరిదికి ఫోన్ చేసి పడవ ఆపించాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంతలో రేడియోలో కబురు చదివిన ఆవిడ, "వింటూనే ఉండండి" అంది.

అంతే, ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. పొయ్యి మీద అన్నం మాడింది. కార్యక్రమాలు అయిపోయి ఉత్త బుస్సుమనే శబ్దం మిగిలింది. అప్పుడు మేడమ్ వచ్చి తలుపు కొట్టింది.

"అన్నయ్యా, తలుపు చప్పుడు వినిపిస్తోంది" అన్నాడు పోశయ్య.

"విను. మనల్ని వినమనే కదా అన్నారు."

మేడమ్ తలుపు కొడుతూనే ఉంది. వాళ్ళు వింటూనే ఉన్నారు.